‘వైన్స్’లో వైన్: హైదరాబాదులో ద్రాక్షమద్యం ఎంపిక, పరిచయం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో వైన్ గురించి కొత్తగా తెలుసుకోదలచిన వ్యక్తికి తొలి అడుగులోనే ఎదురయ్యే చిక్కును సాధారణంగా అలవాటు లేమిగానో, అభిరుచి లోపంగానో భావిస్తారు. ఈ అభిప్రాయం సరైనది కాదు. ద్రాక్ష పండే నేల, పానీయాల తేడాను పట్టగల నాలుక, ఆ తేడాను చెప్పగల మాట, ఈ మూడూ తెలుగువారికి ఉన్నాయి. మద్యాలన్నింటినీ ఒకే ఆదాయవనరుగా చూసిన ఆబ్కారీ వ్యవస్థ వాటిని ఒకదానికొకటి దూరం చేసింది. ఆ పరిణామాన్ని పదాలు, పంట, చట్టం, సినిమా, దుకాణం అనే ఆధారాల ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైన్, ద్రాక్షారసం, ఆబ్కారీ, అనాబ్-ఎ-షాహీ, మద్యనిషేధం, షడ్రుచులు, జూబ్లీ హిల్స్.

1. ప్రవేశిక

తెలుగునాట ‘వైన్స్’ అన్న బోర్డు లేని ఊరు అరుదు. ఆ బోర్డు కింద అమ్ముడుపోయేవి ప్రధానంగా విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. వైన్ ఉంటే పై అరలో దుమ్ము పట్టిన నాలుగైదు సీసాలు ఉంటాయి. ‘వైన్స్‌కు పోయి బీరు తెచ్చుకున్నాడు’ అన్న వాక్యంలో తెలుగువారి చెవికి వైరుధ్యమేమీ వినిపించదు. ఆంగ్లంలో ఒకానొక పానీయానికి పేరైన మాట తెలుగులో బహువచన ప్రత్యయాన్ని తెచ్చుకుని దుకాణానికి పేరైంది. పానీయానికి మాత్రం పేరు లేకుండా పోయింది.

జూబ్లీ హిల్స్‌లో ఈ పరిస్థితి కొంత మారింది. ఇనుప జాలీ వెనుక నిలబడి పేరు చెప్పి సీసా అందుకునే పద్ధతికి బదులు, అదనపు రుసుము చెల్లించి నడిపే ‘వాక్-ఇన్’ దుకాణాలు అక్కడ వచ్చాయి. కొనుగోలుదారు లోపలికి వెళ్లి, సీసాను చేతిలోకి తీసుకుని, చీటీ చదవగలుగుతున్నాడు. ఇది చిన్న మార్పుగా కనిపించవచ్చు. విస్కీ కొనేవాడికి బ్రాండు పేరు చాలు, జాలీ అడ్డం కాదు. వైన్ విషయంలో ద్రాక్షరకం, పండిన ప్రాంతం, కోతకు వచ్చిన సంవత్సరం, తీపి పాళ్లు అన్నీ చీటీ మీదే ఉంటాయి. చీటీ చదవనివ్వని దుకాణంలో వైన్‌ను ఎంచుకోవడం సాధ్యం కాదు, అడగడం మాత్రమే సాధ్యం. అడగడానికైనా మాట కావాలి.

2. పేరు పోగొట్టుకున్న పానీయం

ప్రాచీన భారతీయ వాఙ్మయంలో మాటకు కొరత లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని సురాధ్యక్ష ప్రకరణం మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అంటూ మద్యాలను వేరువేరుగా పేర్కొంటుంది. వీటిలో ద్రాక్షరసంతో చేసినది మధువు. దానికి కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు అది వచ్చిన ప్రాంతాలను బట్టి ఏర్పడ్డాయని ఆ గ్రంథమే చెబుతుంది. కాపిశి నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోనిది. పానీయాన్ని పుట్టిన నేల పేరుతో పిలవడం ఫ్రాన్సు వారి ఆచారమనీ, బోర్దో, బర్గండీ వంటి పేర్లు కొత్తవారిని తికమకపెడతాయనీ వైన్ పరిచయ పుస్తకాలు హెచ్చరిస్తుంటాయి. అర్థశాస్త్రం చదివిన పాఠకునికి ఈ పద్ధతి కొత్త కానక్కరలేదు.

సంస్కృతంలో మృద్వీక అంటే ద్రాక్ష, దానినుండి పుట్టినది మార్ద్వీకం. దండి మహాకావ్య లక్షణాలు చెబుతూ మధుపానాన్ని వర్ణనీయాంశాలలో చేర్చాడు. తెలుగు ప్రబంధకవులు ఆ మార్గాన్నే అనుసరించారు. అయితే వర్ణనలో చేరినంత మాత్రాన వాడుకలో ఉన్నట్టు కాదు. ప్రబంధంలోని మధుపానం శృంగారానికి ఉద్దీపన విభావం, దాని ఆధారంగా ఆనాటి తెలుగు సమాజంలో ద్రాక్షమద్యం విరివిగా ఉండేదని చెప్పడం సాహసమే అవుతుంది.

వాడుకలోకి వచ్చిన రెండు మాటలు మరింత ఆలోచింపజేస్తాయి. తెలుగు బైబిలు వైన్‌ను ‘ద్రాక్షారసము’ అన్నది. పాత నిఘంటువుల తెలుగులో ‘ద్రాక్షసారాయి’ అన్న మాట కూడా ఉన్నది. మొదటి మాటలో మత్తు మాయమైంది. ఈనాటి పాఠకునికి అది పళ్లరసంలా వినిపిస్తుంది. రెండవదానిలో లేని బట్టీ వచ్చి చేరింది. సారాయి అనేది పులిసిన ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టేది. వైన్‌ను బట్టీ పట్టరు, ద్రాక్షరసం తనంతట తాను పులిసి వైన్ అవుతుంది. ఈ ప్రక్రియకు సరిగ్గా సరిపోయే తెలుగు మాట వైద్యశాస్త్రంలో నిలిచి ఉన్నది. ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం ఆయుర్వేద దుకాణాలలో నేటికీ దొరుకుతాయి. కషాయం కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం అన్నది స్థూలమైన విభాగం. ధాతకీ పుష్పాలు వేసి పులియబెట్టే ఈ మందులలో మద్యాంశం లోపలే పుడుతుంది. ‘ఆసవం’ అన్న మాట మందుసీసాను దాటి బయటికి రాలేదు. వచ్చి ఉంటే ‘వైన్స్’ అన్న బోర్డుకు అంత స్వేచ్ఛ దొరికేది కాదేమో.

3. గోల్కొండ ద్రాక్ష

ఇక్కడి నేల ద్రాక్షకు అనుకూలం కాదన్న వాదం కూడా నిలవదు. 1666–67లలో భారతదేశంలో ప్రయాణించిన ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద తెవెనో గోల్కొండ రాజ్యంలో ద్రాక్షతీగలు విస్తారంగా ఉన్నాయనీ, పండ్లు జనవరిలోనే పక్వానికి వస్తాయనీ, ఎండ తగిలే తీరును బట్టి కొన్ని తోటల్లో కోత ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల వరకూ సాగుతుందనీ రాశాడు. ఆ పండ్లతో తెల్ల వైన్ చేస్తారనీ పేర్కొన్నాడు. కోత ముగిశాక తీగను కత్తిరిస్తారనీ, నడివేసవిలో మళ్లీ పుల్లని కాయ వస్తుందనీ అతను గమనించాడు.

తోటపని తెలిసినవారికి ఈ చివరి వాక్యమే విలువైనది. ఐరోపాలో ద్రాక్షతీగ చలికాలంలో నిద్రపోతుంది, ఏడాదికి ఒక్క కత్తిరింపు, ఒక్క పంట. దక్కనులో తీగకు ఆ నిద్ర లేదు. అందుచేత నేటికీ రైతులు వేసవిలో ఒకసారి, వానలు వెనుకబడ్డాక అక్టోబరు ప్రాంతంలో మరొకసారి కత్తిరించి, రెండవ కత్తిరింపు తరువాతి పంటను ఫిబ్రవరి, మార్చిలలో కోస్తారు. మూడున్నర శతాబ్దాల నాటి యాత్రికుని వర్ణన ఈ పద్ధతికి చాలా దగ్గరగా ఉన్నది. అతను వినికిడి మాటలు కాక కళ్లతో చూసినది రాశాడనడానికి ఇదొక ఆధారం.

మరి ఆ తెల్ల వైన్ తాగినవారెవరు? దర్బారులోని పారశీకులు, రేవుపట్నాల వర్తకులు, ఐరోపా ఫిరంగిదారులు అయి ఉండవచ్చునన్నది ఊహ మాత్రమే. సామాన్యుల పానీయం వేరు. తెవెనోకు కొంచెం ముందు గోల్కొండను పలుమార్లు చూసిన తావెర్నియే, ప్రతిదినం ఐదారు వందల గుర్రాల మీద కల్లు నగరంలోకి వచ్చేదనీ, దానిపై రాజుకు పెద్ద ఆదాయం ఉండేదనీ రాశాడు. ద్రాక్షమద్యం రుచిగా ఉండేదా అన్నది ఖజానాకు ప్రశ్న కాదు. కల్లు ఎంత వచ్చింది అన్నదే ప్రశ్న. తరువాతి చరిత్రంతా ఈ నిష్పత్తిలోనే నడిచింది.

1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చాడని చెప్పే అనాబ్-ఎ-షాహీ రకం ఈ ప్రాంతపు ద్రాక్షకు రెండవ జీవితాన్నిచ్చింది. ‘రాజద్రాక్ష’ అని పేరు పొందిన ఈ రకం పందిరి మీద పాకించే పద్ధతిలో విపరీతంగా కాసింది. నగరం చుట్టూ తోటలు వెలిశాయి, రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా స్థానం ఏర్పడింది. కానీ ఇది పళ్లెంలో పెట్టే పండు. కాయ పెద్దది, తొక్క పలుచన, రసం ఎక్కువ. తీపి సుమారు 14–16 బ్రిక్స్ దగ్గర ఆగుతుంది. 12 శాతానికి మించిన మద్యాంశం గల వైన్‌కు 21–24 బ్రిక్స్ వరకూ పండే చిన్న కాయలు కావాలి. ఎర్ర వైన్ రంగు, వగరు తొక్కనుండే వస్తాయి కనుక తొక్క మందంగా ఉండాలి. తినడానికి మంచిది కావడమే అనాబ్-ఎ-షాహీకి వైన్ విషయంలో లోపమైంది. తెలుగువారి మార్కెట్లో ‘వైన్’ అన్న మాటకు చాలాకాలం అర్థంగా నిలిచినది గోల్కొండ రూబీ వంటి తియ్యని ఎర్ర వైన్ కావడానికీ ఈ నేపథ్యానికీ సంబంధం ఉన్నది. మొదటి గుక్కలో తీపినే ఎదురుచూసే కొత్తవారు, తీపి లేని ‘డ్రై’ వైన్‌ను ‘పాడైపోయింది’ అనుకోవడం అసహజం కాదు.

4. ఆబ్కారీ దృష్టి

ఆబ్కారీ అన్న పారశీక పదానికి ‘నీటిపని’ అని అర్థం. నిజాం రాజ్యంలో 1316 ఫసలీ నాటి ఆబ్కారీ చట్టం, ఆంధ్రప్రాంతంలో 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం, రాష్ట్రం ఏర్పడ్డాక 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, వీటన్నిటి దృష్టీ ఒకటే. తయారీ, రవాణా, అమ్మకం, నిల్వ ప్రతిదానికీ అనుమతి, ప్రతిదానిపై రుసుము. 1986లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషన్ టోకు వ్యాపారాన్ని ప్రభుత్వం చేతిలోకి తెచ్చింది. ద్రాక్షరకం, పంట సంవత్సరం వంటివి ఈ లెక్కపుస్తకంలో ఇమడవు. పెట్టెలు, సీసాలు, మద్యాంశం ఇముడుతాయి.

దీనికి ఎదురుగా నిలిచిన ఉద్యమాలు కూడా మద్యాన్ని ఏకవచనంలోనే చూశాయి. అందుకు వారికి సమర్థనీయమైన కారణం ఉన్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో ఊరూరా వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం స్త్రీలు తమ కూలిడబ్బునూ, ఒంటినీ, ఇంటినీ కాపాడుకోవడానికి చేసిన పోరాటం. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాని ఫలితాలు. 1997లో నిషేధం సడలించినప్పుడు సారా తిరిగి రాలేదు. సీసాలలోని విస్కీ, బ్రాందీ, రమ్ములు వచ్చాయి. కల్లు దుకాణాన్ని మినహాయిస్తే పల్లెలో చట్టబద్ధంగా మద్యం దొరికే చోటు ‘వైన్స్’ ఒక్కటే అయింది. ‘వైన్స్’ అన్న మాట గ్రామీణ తెలుగులో ఇంతగా పాతుకుపోవడానికి ఈ నాలుగైదేళ్ల పరిణామమే ప్రధాన కారణమని భావించవచ్చు. అనుమతి ఉన్న దుకాణం పేరు అనుమతి లేని బెల్టు షాపు వరకూ నీడలా సాగింది.

అందువల్ల జూబ్లీ హిల్స్‌లో వైన్ గురించి తెలుసుకోవడాన్ని ‘సంస్కారవంతమైన తాగుడు’గా చెప్పేవారు ఒక విషయం గుర్తించాలి. వైన్‌లో ఉన్నదీ అదే మద్యం. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో దాదాపు 20 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన మద్యం ఉంటుంది, 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో 26 ఉంటుంది. రెండు గ్లాసుల వైన్ ఒక పెద్ద పెగ్గును దాటిపోతుంది. తేడాను తెలుసుకోవడం విజ్ఞానమే గాని, దాన్ని నిర్దోషిత్వంగా భావించరాదు.

5. తెర మీద సీసా

జూబ్లీ హిల్స్‌లో స్థిరపడిన సినిమారంగం మద్రాసు నుండి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం 1937లో సేలం జిల్లాతో మొదలై, మరుసటి ఏడాది తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకు చేరి, 1948 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. 1971 వరకూ అక్కడ పర్మిట్టు లేని తాగుడు నేరం. తెలుగు సినిమాలో అత్యంత ప్రసిద్ధుడైన తాగుబోతు, ‘దేవదాసు’ (1953), నిషేధం అమలులో ఉన్న నగరంలోని పరిశ్రమనుండి పుట్టాడన్నది చిత్రమైన వాస్తవం. ఆ పాత్ర ధరించిన అక్కినేని నాగేశ్వరరావే 1970ల నడుమ హైదరాబాదు కొండల మీద అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పి పరిశ్రమ తరలిరావడానికి దారి వేసినవారిలో ముఖ్యులయ్యారు.

నిషేధంలో పుట్టిన తెరభాషలో సీసాకు రెండే అర్థాలు ఉండేవి. నాయకుని చేతిలో దుఃఖం, ప్రతినాయకుని చేతిలో దుర్మార్గం. సీసాలో ఏముందన్నది ప్రేక్షకునికి అనవసరం. తాగిన మనిషి నడక ఎలా ఉంటుందో తెలుగు సినిమా వందలసార్లు చూపింది, పానీయం రుచి ఎలా ఉంటుందో చెప్పిన సందర్భం అరుదు. కనుక తరువాతి తరం సినీజనులకు విందుల్లో వైన్ గ్లాసు ఎదురైనప్పుడు, తమ పరిశ్రమ భాషలోనే దాన్ని గురించి మాట్లాడే మాట దొరకలేదు.

6. నాలుక, మాట

వైన్‌ను బోధించే పద్ధతులలో ప్రసిద్ధమైనది 1969లో లండన్‌లో ఏర్పడిన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ పద్ధతి. రంగు చూడడం, వాసన పట్టడం, తీపి, పులుపు, వగరు, మద్యాంశం, ఒంపు వేరువేరుగా గుర్తించడం అందులోని క్రమం. ఆంగ్లంలో నేర్చుకునేవారికి ఇందులో కఠినమైన మెట్టు ‘టానిన్’. నోరు పట్టేసినట్టు, చిగుళ్లు ఎండినట్టు అనిపించే ఈ గుణాన్ని వారు చాలాకాలం చేదుతో కలిపివేస్తారు.

తెలుగువారికి ఈ మెట్టు చిన్నప్పుడే దాటించారు. షడ్రుచులలో చేదు వేరు, వగరు వేరు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదునూ, మామిడిపిందె వగరునూ వేరుగా పట్టగల నాలుకకు టానిన్ గురించి ఉపన్యాసం అక్కరలేదు. పచ్చి అరటికాయ, నేరేడు, ఉసిరి, తమలపాకులోని వక్క, అన్నీ ఆ పాఠమే చెప్పాయి. కాబెర్నే సొవిన్యోఁ వైన్‌లో వగరు ఎక్కువ, పినో న్వార్‌లో తక్కువ అన్న ఒక్క వాక్యంతో కొత్తవారు సగం దారి నడవవచ్చు.

వాసనల దగ్గర అనువాదం అడ్డుపడుతుంది. సొవిన్యోఁ బ్లాఁ వైన్‌కు ఆంగ్ల వర్ణనలు ‘గూస్‌బెర్రీ’ అంటాయి. తెలుగులో దాన్ని ‘ఉసిరి’గా మార్చుకోవడం పరిపాటి. రెండూ వేరు వేరు మొక్కలు, వేరు వేరు రుచులు. ఆ వైన్‌లో తెలుగు ముక్కు సులభంగా పట్టేది పచ్చి జామ. షిరాజ్ వైన్‌కు చెప్పే నల్ల మిరియాల వాసన మాత్రం అనువదించవలసిన పనిలేదు. బ్లాక్‌కరెంట్ ఎన్నడూ చూడనివారు నేరేడును తలచుకోవడంలో తప్పులేదు. పోలిక పరిచితమైన వస్తువుతోనే సాధ్యమన్నది అలంకారశాస్త్రం తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కల్లు సంప్రదాయాన్ని కూడా ఇక్కడ పరిగణించాలి. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని చెట్టును బట్టి, ఋతువును బట్టి తెలంగాణ గీతవృత్తిలో కల్లు భేదాలు ఉన్నాయి. పొద్దటి కల్లు, మాపటి కల్లు అని పులిసిన గంటలను బట్టి తేడా ఉన్నది. ఫలానా చెట్టు కల్లు తియ్యన, ఫలానాది ఘాటు అని చెప్పగల గీతకార్మికుడు చేసేది, ఫలానా కొండవాలు ద్రాక్ష గొప్పదని బర్గండీ రైతు చేసే నిర్ణయం వంటిదే. ఈ జ్ఞానానికి పత్రం లేదు, పట్టా లేదు. వైన్‌శాల శిక్షణకు రెండూ ఉన్నాయి.

7. ఎంపికలోని స్థానిక సమస్యలు

విస్కీ అలవాటు ఉన్నవారు వైన్ దగ్గర చేసే తొలి పొరపాటు నిల్వకు సంబంధించినది. తెరిచిన విస్కీ సీసా నెలల తరబడి ఉంటుంది. తెరిచిన వైన్ గాలి తగిలి మూడు నాలుగు రోజుల్లో రుచి కోల్పోయి, చివరకు సిర్కా దారి పడుతుంది. తెరవని సీసాకైనా 12–15 డిగ్రీల చల్లదనం మేలు. హైదరాబాదులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గోదాములోనో, దుకాణం కిటికీ పక్కనో ఒక వేసవి గడిపిన సీసా ఉడికిన పండు వాసన వేస్తుంది. కొత్తవారు దాన్ని వైన్ స్వభావమే అనుకునే ప్రమాదం ఉన్నది. ‘గది ఉష్ణోగ్రతలో ఎర్ర వైన్’ అన్న సూత్రం 18 డిగ్రీల ఐరోపా గదికి చెప్పినది, దక్కను గదికి కాదు. ఇక్కడ ఎర్ర వైన్‌ను కూడా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టవలసిందే. ఇదే కారణాన పాత సీసా గొప్పదన్న నమ్మకం కూడా ఇక్కడ ఉపకరించదు. అమ్మకానికి వచ్చే వైన్‌లో అధికభాగం కోత జరిగిన కొన్నేళ్లలోపే తాగవలసినది.

ధర మరొక చిక్కు. దిగుమతి వైన్‌పై చాలాకాలం 150 శాతం కస్టమ్స్ సుంకం ఉండేది. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా సీసాలపై, అదీ ఐదు డాలర్లు ఆపైన ధర గలవాటిపై మాత్రమే, అది 100 శాతానికీ, పదిహేను డాలర్లు దాటినవాటిపై 75 శాతానికీ తగ్గింది. దీనిపై రాష్ట్ర పన్నులు కలుస్తాయి. కాబట్టి ఫిల్మ్‌నగర్ దుకాణంలో సీసా మీది ధర వైన్ నాణ్యతను గురించి కొంత, సుంకాన్ని గురించి ఎక్కువ చెబుతుంది. ఖరీదైనదే మంచిదన్న కొలత ఐరోపాలో సగం నిజమైతే ఇక్కడ పావువంతు నిజం. అదే డబ్బుకు దేశీయ వైన్‌లో మెరుగైన తరగతి దొరుకుతుంది.

ఆ దేశీయ వైన్ రెండు దిక్కులనుండి వస్తుంది. 1980ల చివర కన్వల్ గ్రోవర్ ఫ్రెంచి రకాలు నాటించిన నందికొండల ప్రాంతం తెలుగు మాట ధారాళంగా వినిపించే చిక్కబళ్లాపురం సీమ. రాజీవ్ సామంత్ స్థాపించిన సులా తొలి వైన్ 2000లో నాసిక్ నుండి వచ్చింది. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో వైన్‌కు ప్రత్యేక విధానాలు ప్రకటించి, దాన్ని ఇతర మద్యాలనుండి విడదీసి వ్యవసాయ ఉత్పత్తిగా చూశాయి. లెక్కపుస్తకంలో మద్యం బహువచనం కావడం అక్కడ మొదలైంది. తెలంగాణలో దుకాణాలు లాటరీ ద్వారా రెండేళ్లకొకసారి కేటాయించబడతాయి. 2023లో 2,620 దుకాణాలకు లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి, వాపసు లేని దరఖాస్తు రుసుమే రెండు లక్షల రూపాయలు. ఇంత పెట్టుబడితో, ఇంత స్వల్పకాలానికి దుకాణం పొందిన వ్యాపారి నెమ్మదిగా కదిలే సీసాను అరలో ఉంచి, దాని గురించి పనివానికి శిక్షణ ఇప్పిస్తాడని ఆశించలేము. వాక్-ఇన్ దుకాణాలు జూబ్లీ హిల్స్ వంటి చోట్లకు పరిమితం కావడం ఈ లెక్క వల్లనే.

నగరం చుట్టూ ఉన్న ద్రాక్షపందిళ్లలో చాలావరకు ఇప్పుడు ఇళ్లస్థలాలయ్యాయి. మిగిలినవాటిలో కోత మాత్రం తెవెనో రాసిన నెలల్లోనే జరుగుతున్నది. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే నాసిక్‌లోనూ నందికొండల కిందా వైన్ ద్రాక్ష గంపలకెక్కుతుంది. హైదరాబాదు పంట బండి మీద కిలోల లెక్కన అమ్ముడుపోతుంది. నాసిక్ పంట కొన్ని నెలల తరువాత సీసాలలో జూబ్లీ హిల్స్ చేరుతుంది.